కాళ్ళు నేలకి ఆనుతున్నాయా? అయితే మీ సైకిల్ సీటు కిందికి ఉన్నట్టే

హాయ్ అండీ, బెంగళూరు మారతహళ్లిలో మా అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్ నుంచే మాట్లాడుతున్నా, అందుకే గొంతు ఇలా మోగుతోంది, కొంచెం భరించండి. ఇవాళ్టి వీడియో మా బావ మోకాలి గురించి.

బావ కొత్తగా గేర్ సైకిల్ కొన్నాడు, ఆఫీసుకి రోజూ ఆరు కిలోమీటర్లు తొక్కుతున్నాడు, మూడు వారాలయ్యేసరికి మోకాలి చిప్ప ముందువైపు ఒకటే నొప్పి. అక్కేమో "వయసైపోయింది, ఇప్పుడెందుకు మీకివన్నీ" అని మొదలుపెట్టింది. నాకైతే చూడగానే సీటు మీదే అనుమానం వచ్చింది. షాపులో కుర్రాడు బావని కూర్చోబెట్టి, రెండు పాదాలూ నేలకి పూర్తిగా ఆనేదాకా సీటు దించి, "పర్ఫెక్ట్ సార్" అని పంపించేశాడట. ఆ కుర్రాణ్ణి అని లాభం లేదులెండి, మనమే అలా అడుగుతాం. చిన్నప్పుడు నాన్న పెద్ద సైకిల్ కడ్డీ కిందనుంచి కాలు దూర్చి తొక్కి, దబ్బున పడి మోకాళ్ళు చెక్కుకుపోయిన బ్యాచ్ మనది, కాలు నేలకి అందకపోతే ఆ భయం నలభై ఏళ్ళొచ్చినా పోదు.

కానీ సీటు ఎత్తు చూసుకోవాల్సింది పెడల్‌ని బట్టి, నేలని బట్టి కాదు. ఇదిగో, కెమెరా కింద పెడతా చూడండి. పెడల్ పూర్తిగా కిందికి వచ్చినా నేలకి ఇంకా నాలుగైదు అంగుళాల పైనే ఉంది కదా? అంటే పాదం నేలకి హాయిగా ఆనే ఎత్తులో సీటు పెట్టుకుంటే, పెడల్ మీద కాలు ఎప్పటికీ పూర్తిగా చాచుకోదు, ప్రతి తొక్కుకీ మోకాలు బాగా ముడుచుకునే పని చేయాలి, ఆ బరువంతా చిప్ప మీదే పడుతుంది. ఈ ఊళ్ళో అందరూ కన్నడంలో "స్వల్ప అడ్జస్ట్ మాడి", అంటే కొంచెం సర్దుకోండి, అంటారుగా, ఇక్కడ అడ్జస్ట్ అయింది పాపం బావ మోకాలు.

"బావా, ఆ స్తంభం పట్టుకుని కూర్చో. చెప్పులొద్దు, తొక్కేటప్పుడు వేసుకునే బూట్లే వేసుకో. ఇప్పుడు మడమ పెడల్ మీద పెట్టి కిందిదాకా నెట్టు." మడమ పెట్టినప్పుడు కాలు నిటారుగా రావాలి. చూడండి, బావ మోకాలు ఎంత వంగిపోయి ఉందో! సీటు పెంచుకుంటూ పోయి మడమతో కాలు నిటారైందనుకోండి, అప్పుడు పాదం ముందుభాగం, బొటనవేలి మొదట్లో ఉబ్బు ఉంటుందే, అది పెడల్ మీదికి తెస్తే మోకాలు కొద్దిగా వంగి నిలుస్తుంది, సుమారు 25 నుంచి 35 డిగ్రీలు. అదీ మనకి కావాల్సింది.

లెక్క కావాలంటే అదీ ఉంది. టూర్ డి ఫ్రాన్స్ మూడుసార్లు గెలిచిన గ్రెగ్ లెమాండ్ పేరు మీద చెప్తారు: గోడకి ఆనుకుని నిలబడి, లావుపాటి పుస్తకం కాళ్ళ మధ్య పైకంటా పెట్టి, అక్కణ్ణుంచి నేలదాకా కొలిచి, దాన్ని 0.883తో గుణించాలి. బావకి 80 సెంటీమీటర్లు వచ్చింది, అంటే పెడల్ కడ్డీలు తిరిగే ఇరుసు మధ్య నుంచి సీటు పైదాకా 70.6 ఉండాలి. షాపులో పెట్టిచ్చింది 63! అయితే ఒకేసారి అంత పెంచేయకండి, నడుం పట్టేస్తుంది. సీటు రాడ్డుకి ఇన్సులేషన్ టేప్ చుట్టి గుర్తు పెట్టుకోండి, రెండుమూడు రోజులకోసారి ఒక సెంటీమీటరు చాలు. రాడ్డు మీద అడ్డగీతలు చెక్కి ఉంటాయి, అవి బయటికి కనిపించేంత మాత్రం ఎప్పుడూ లాగొద్దు, రాడ్డు విరిగిందంటే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు.

"మరి సిగ్నల్ దగ్గర ఎలారా?" అంటున్నాడు బావ. న్యాయమైన ప్రశ్నే, మన ఔటర్ రింగ్ రోడ్డులో తొక్కేదానికంటే ఆగేదే ఎక్కువ. సీటు మీద కూర్చునే ఆగక్కర్లేదు బావా. బ్రేక్ వేస్తూ ఒక పెడల్ మీద నిలబడి, ఒళ్ళు సీటు ముందుకి జార్చి, రెండో కాలు నేలకి పెట్టు. రెండ్రోజులు ఇక్కడే పార్కింగ్‌లో ప్రాక్టీస్ చేస్తే అలవాటైపోతుంది.

అరచేతులు తిమ్మిరెక్కుతుంటే చాలామంది గ్లవ్స్ కొనేస్తారు. ముందు సీటు ముక్కు చూడండి, కిందికి వాలి ఉంటే ఒళ్ళు ముందుకి జారి బరువంతా చేతుల మీద పడుతుంది. సీటు కింద బోల్టు అలెన్ కీతో, అదే ఎల్ ఆకారంలో ఉండే ఆరు పలకల కీతో, వదులు చేసి మట్టంగా పెట్టి బిగించండి, అంతే. హ్యాండిల్ ఎత్తు మార్చడం సైకిల్‌ని బట్టి వేరువేరుగా ఉంటుంది, దానికి ఇంకో వీడియో చేస్తా.

ప్రస్తుతానికి ఒక సెంటీమీటరే పెంచాం, బావ ఆగలేదు, మిగతాదంతా నేనే ఒకేసారి లాగేశా అంటూ ర్యాంప్ ఎక్కేస్తున్నాడు. వెనకనుంచి చూడండి, నడుం అటూ ఇటూ ఊగుతోందా? ఊగితే సీటు మరీ పైకి వెళ్ళినట్టు. నాకైతే కొంచెం ఊగుతున్నట్టే ఉంది... బావా, ఆగు ఆగు, అలెన్ కీ తెస్తున్నా!