అమ్మ షుగర్ పుస్తకం

అధ్యక్షులవారికి, గ్రంథాలయ అధికారి గారికి, పనులు మానుకుని వచ్చిన పెద్దలందరికీ నమస్కారం. ఈ రోజు నవంబర్ 14. గ్రంథాలయ వారోత్సవాలు మొదలయ్యే రోజు, పిల్లల పండగ. ఇన్సులిన్ కనిపెట్టినవాళ్లలో ఒకరైన బాంటింగ్ పుట్టినరోజు కూడా ఇదే, అందుకే ప్రపంచ మధుమేహ దినం. ‘మధుమేహం - జాగ్రత్తలు’ అని మాట్లాడమన్నారు, కాగితం మీద రాసుకొచ్చాను. కానీ ముందు వరసలో కూర్చున్న పెద్దమ్మగారి ఒళ్లో షుగర్ మిషన్ సంచీ చూశాక ఆ కాగితం పక్కన పెట్టేస్తున్నాను.

మా అమ్మకి పన్నెండేళ్లుగా ఇన్సులిన్. ఇంటికి మిషన్ తెచ్చింది నేనే, అమ్మ చేత పరీక్ష మాన్పించిందీ నేనే. 280 వచ్చిందంటే చాలు, “ఏం తిన్నావ్? మళ్లీ మామిడిపండేనా?” అని నిలదీసేదాన్ని. సాయంత్రం ఫోన్‌లో తమ్ముడు మళ్లీ అదే అడిగేవాడు. 120 వచ్చిన రోజున ఎవరం ఏమీ అనేవాళ్లం కాదు.

కొన్నాళ్లకి అమ్మ పుస్తకంలో అన్నీ మంచి అంకెలే. పరగడుపున 118, 122, 120, 124. డాక్టరు గారు అది చూశారు. మూడు నెలల సగటు తెలిపే హెచ్‌బీఏ1సీ మాత్రం 9.4 వచ్చింది, అంటే బాగా ఎక్కువ. పరగడుపున బాగుంది కదా, తిన్నాకే పెరుగుతోందేమోనని రాత్రి భోజనం ముందు మోతాదు పెంచారు. చేతిలో ఉన్న అంకెలను బట్టి ఆయన ఆలోచన సరైనదే.

ఆ వారంలోనే ఏకాదశి వచ్చింది. అమ్మ ఇన్సులిన్ పూర్తిగా వేసుకుని, ఒక అరటిపండు, గ్లాసు మజ్జిగతో సరిపెట్టింది. రాత్రి రెండున్నరకి ఏదో గొణుగుడు వినిపించి లేచాను. ఫ్యాన్ తిరుగుతూనే ఉంది, అమ్మ జాకెట్టు మాత్రం పిండితే నీళ్లు కారేలా ఉంది. చేతులు వణుకుతున్నాయి. నన్ను పట్టుకుని, ఎప్పుడో పోయిన మా పెద్దమ్మ పేరుతో పిలిచింది. వేలు గుచ్చి చూస్తే 41.

మింగగలుగుతోంది కాబట్టి మూడు చెంచాల గ్లూకోజ్ నీళ్లలో కలిపి తాగించాను. పావుగంటకి 66. మళ్లీ తాగించాను. ఇంకో పావుగంటకి 98. అప్పుడు నన్ను నా పేరుతో పిలిచింది. ఒక్క మాట, స్పృహ లేని మనిషి నోట్లో మాత్రం ఏమీ పోయకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి.

తెల్లారాక మిషన్ బటన్ నొక్కుతూ పాత రీడింగులు చూశాను. ఆ నెలలో ఉన్నవి మూడే. పుస్తకంలో ముప్పై. ఎందుకమ్మా అంటే, “నువ్వు కోప్పడతావని” అంది.

మా నాన్నమ్మ కాలంలో మూత్రాన్ని బెనిడిక్ట్ ద్రావణంతో కాచి రంగు చూసేవారు. నీలమైతే ఫరవాలేదు, ఇటుక ఎరుపైతే ఎక్కువ. షుగర్ పడిపోతే ఆ పరీక్షకి తెలిసే దారే లేదు. 1969లో అమెరికాలో రిచర్డ్ బెర్న్‌స్టీన్ అనే ఇంజనీరుకి, చిన్నప్పటి నుంచి ఇన్సులిన్ మీద ఉన్న మనిషికి, రక్తం చుక్కతో చూసే మిషన్ సంగతి తెలిసింది. రోగులకి అమ్మేవారు కాదు. భార్య డాక్టరు కావడంతో ఆమె ద్వారా 650 డాలర్లకి తెప్పించుకున్నారు. రోజూ చూసుకుంటూ తన మోతాదులు తానే సరిచేసుకున్నారు. నలభై దాటాక వైద్యం చదివి డాక్టరయ్యారు. ఆయన అంత కష్టపడి సంపాదించుకున్నది ఇవాళ మన బీరువాల్లో మూలన పడి ఉంది!

మిషన్‌లో పరీక్షకి ఒకటి చొప్పున పెట్టే స్ట్రిప్పుల ఖర్చు నాకు తెలుసు. రోజుకి మూడంటే నెలకి తొంభై, పెన్షన్ మీద బతికేవాళ్లకి భారమే. ఆ మాట సిగ్గుపడకుండా డాక్టరుకి చెప్పండి. ఒకరోజు తినకముందు, ఇంకోరోజు తిన్న రెండు గంటలకి, మరోరోజు పడుకునేముందు, ఇలా మార్చి మార్చి చూడడం కుదురుతుందేమో అడగండి. మోతాదు మారినప్పుడు, ఉపవాసం ఉన్నప్పుడు, ఒళ్లు చెమటలు పట్టినప్పుడు మాత్రం స్ట్రిప్ దాచుకోకండి. 70 కంటే తగ్గితే ఆలస్యం చేయకుండా గ్లూకోజ్ నీళ్లు తాగండి. ఉపవాసానికి ముందే మోతాదు ఎంత వేసుకోవాలో కనుక్కోండి.

అయ్యా, అమ్మా, ఇక్కడ కొడుకులున్నారు, కూతుళ్లున్నారు, కోడళ్లున్నారు. మీకు దండం పెట్టి అడుగుతున్నాను, అంకె చూసి తిట్టకండి. “రాసుకుందాం” అనండి, చాలు.

ఇదిగో, ఇది అమ్మ కొత్త పుస్తకం, అడిగే తెచ్చాను. మొన్నటి అంకె 263. పక్కనే తన చేత్తో రాసింది: “పెళ్లి. బొబ్బట్లు రెండు.”

బల్ల మీద రెండు మిషన్లు పెట్టాను. గుచ్చుకోవడం రానివాళ్లు రండి, వేలి కొనకి కాకుండా పక్కన గుచ్చితే నొప్పి తక్కువ. ఇందాక అరటిపళ్లు పంచారు, ఆ తీపి వేలికి అంటుకుని ఉంటే రీడింగ్ తప్పు వస్తుంది. వరండాలో కుళాయి, సబ్బు ఉన్నాయి. చేతులు కడుక్కుని, బాగా తుడుచుకుని రండి.