తైవాన్ గురించి మాట్లాడదామనే కూర్చున్నాం

రమ: రికార్డవుతోందా? ఎర్ర లైటు వెలిగింది కదా. సరే, అందరికీ నమస్కారం. ఈసారి తైవాన్. చిప్పుల కథ కాదు, చిప్పులకు ముందు నడిచిన ఆఫీసుల కథ. ప్రభుత్వమే పూనుకుని పరిశ్రమలు తేవాలంటే ఆఫీసుల్లో ఎలాంటి మనుషులు ఉండాలి, అదీ సంగతి. శేఖర్ పన్నెండు పేజీల నోట్సు రాసుకొచ్చాడు.

శేఖర్: పదకొండే అక్కా.

రమ: పోయినసారి కూడా పదకొండే అన్నావు.

శేఖర్: అది ఎత్తొద్దు, బాగా తిట్లు పడ్డాయి. తైవాన్ వెళ్లే ముందు ఒక్క నిమిషం జపాన్‌లో ఆగుదాం. 1949లో పెట్టిన మిటి, అంటే అంతర్జాతీయ వాణిజ్య, పరిశ్రమల శాఖ. బాగా చదివిన కుర్రాళ్లు గట్టి పరీక్ష రాసి చేరేవాళ్లు. విదేశీ టెక్నాలజీ కొనాలన్నా, మెషీన్లు తెప్పించాలన్నా డాలర్లు కావాలి కదా, దానికి వీళ్లు ఊ అనాలి. అంత పవరు...

రమ: సోనీ సంగతి చెప్పు మరి.

శేఖర్: వచ్చేసింది సోనీ! ఇంకా మూడో నిమిషం కూడా కాలేదు.

రమ: రాదా మరి? 1953. అప్పటికి సోనీ అన్న పేరు కూడా లేదు, టోక్యోలో ఒక చిన్న కంపెనీ. అమెరికా కంపెనీ వెస్టర్న్ ఎలక్ట్రిక్‌తో ట్రాన్సిస్టర్ లైసెన్సుకి ఒప్పందం చేసుకున్నారు, 25 వేల డాలర్లు. నీ తెలివైన కుర్రాళ్లేమో, మమ్మల్ని అడక్కుండా ముందే సంతకం పెట్టొస్తారా అని అలిగారు. అనుమతి వచ్చేసరికి 1954. ఈలోగా ఆ ఫైలు ఎక్కడుందో నేను చెప్తాను, పదకొండేళ్లు ఒక ఆఫీసులో ఫైళ్లు మోసినదాన్ని. "పరిశీలనలో ఉంది" అని రాసి పక్కన పెట్టుంటారు. వద్దని రాస్తే రేపు ఎవరో ఒకరు అడుగుతారు, సరేనని రాస్తే ఎల్లుండి అడుగుతారు. పరిశీలనలో ఉంది అంటే మాత్రం ఎవ్వరూ ఏమీ అడగరు.

శేఖర్: ఈ డైలాగు మన శ్రోతలకి కంఠతా వచ్చేసి ఉంటుంది.

రమ: రానీ. ఇంకా హోండా ఉంది.

శేఖర్: హోండా నేను చెప్తా, నువ్వు చెప్తే విలన్ మారిపోతాడు. 1961లో మిటి కార్ల కంపెనీలను గుంపులుగా విడదీసి, కొత్తవాళ్లు రాకుండా తలుపు వేద్దామనుకుంది. చాలా కంపెనీలుంటే ఒక్కటీ పెద్దది కాదని వాళ్ల లెక్క. హోండా అప్పటికి మోటార్‌సైకిళ్ల కంపెనీ, ఆ ఏడాదే ఐల్ ఆఫ్ మ్యాన్ రేసుల్లో 125, 250 సీసీ రెండూ గెలిచింది. తలుపు పడేలోపు కాలు పెట్టేయాలని 1963 ఆగస్టులో టీ360 అని చిన్న ట్రక్కు, అక్టోబరులో ఎస్500 అని స్పోర్ట్స్ కారు దించేశారు. ఆ కారులో వెనక చక్రాలకి చైన్లక్కా, మోటార్‌సైకిల్‌కి పెట్టినట్టు!

రమ: చూశావా, చెప్తుంటే నీకే ఉషారొస్తోంది. ఆ తలుపు వేసే మిటి చట్టం పార్లమెంటులో పాస్ కాలేదు కాబట్టి హోండా కార్లున్నాయి. అంటే అంత మేధావి శాఖ ఓడిపోయినందుకు జపాన్ బాగుపడింది. ఇంక దేనికి పొగడాలి?

శేఖర్: కంచె ఎవరు వేశారు? 1965 దాకా విదేశీ కార్లను స్వేచ్ఛగా దిగుమతి చేసుకోనివ్వలేదు, విదేశీ కార్ల కంపెనీల పెట్టుబడిని 1971 దాకా ఆపారు. మిటిని తిట్టుకుంటూ మిటి కంచె లోపలే పెరిగింది హోండా.

రమ: కంచెకి బుర్రెందుకు, నాలుగు కర్రలు చాలు. చాలా దేశాలు వేశాయి. లోపలున్నది మేసి పడుకుంది.

శేఖర్: అదే కదా నేననేది! పడుకోనివ్వకపోవడమే అసలు పని. 1965లో ఉక్కు ఉత్పత్తి తగ్గించండి అని మిటి అన్ని కంపెనీలకీ చెప్పింది. సుమిటోమో మెటల్స్ అనే ఉక్కు కంపెనీ కుదరదంది. అయితే మీ కోకింగ్ బొగ్గు, అంటే ఉక్కు తయారీకి కావలసిన బొగ్గు, దాని దిగుమతి కోటా కోస్తాం అన్నారు. దారికొచ్చింది.

రమ: దాన్ని సమర్థత అంటావా, రౌడీయిజం అంటావా?

శేఖర్: [నవ్వు] రెండూ ఒకే సెక్షన్లో కూర్చుంటాయేమో.

రమ: కాదు, నవ్వకు. సుమిటోమో కుదరదన్నది ఎందుకు? కోటా ఇంతని నువ్వెలా తేలుస్తావు, నేను బాగా అమ్ముతున్నాగా అంది. ఆ ప్రశ్నకి జవాబు లేక బొగ్గు చూపించి బెదిరించారు. జవాబున్నవాడు బెదిరించడు.

శేఖర్: సరే, జపాన్ నీదే. దక్షిణ కొరియా చూడు. 1965 నుంచి ఎగుమతుల మీద నెలనెలా మీటింగు, ప్రెసిడెంట్ పార్క్ చుంగ్-హీ స్వయంగా కూర్చునేవాడు. 1964లో ఎగుమతులు 10 కోట్ల డాలర్లు, 1977కల్లా 1000 కోట్లు. ఎగుమతి చేసినవాడికి చౌక అప్పు. ఏ కంపెనీ మంచిదో ఆఫీసరు కనిపెట్టక్కర్లేదు, ఎక్కడో పరాయి దేశంలో ఎవడో డబ్బు పెట్టి కొన్నాడా లేదా, అంతే. ఆ అంకెని బతిమాలలేం, భోజనానికి పిలవలేం.

రమ: ఇది ఒప్పుకుంటా. అంకె ఎదురుగా ఉంటే పరిశీలనలో ఉంది అని రాయలేడు. వచ్చే నెల మళ్లీ అదే టేబులు దగ్గర కూర్చోవాలి కదా.

శేఖర్: అక్కా, ఒప్పుకుందీ! టైము రాసుకోండి.

రమ: మరీ అంత వద్దు. పోహాంగ్ కాగితం సంగతి చెప్పు, నాకది ఇష్టం.

శేఖర్: పోహాంగ్ ఉక్కు ఫ్యాక్టరీ కట్టాలంటే, ఇది గిట్టదు అని ప్రపంచ బ్యాంకు పక్కకి తప్పుకుంది. కొరియాని ఏలినందుకు జపాన్ ఇచ్చిన పరిహారం డబ్బు అటు మళ్లించారు. యంత్రాల కొనుగోళ్లలో రాజకీయ నాయకులు వేలు పెట్టడం మొదలెట్టారు. 1970 ఫిబ్రవరిలో కంపెనీ అధిపతి పార్క్ తే-జూన్ ఒక మెమో తీసుకెళ్లాడు, కొనుగోళ్లు కంపెనీకే వదిలేయండి అని. ప్రెసిడెంట్ ఆ కాగితం పైన మూలన సంతకం పెట్టి తిరిగిచ్చేశాడు.

రమ: మూలన! సీలు లేదు, నంబరు లేదు, కాపీ టు లేదు. అలాంటి కాగితం ఒక్కటి ఉంటే నా పదకొండేళ్లు వేరేలా గడిచేవి. కానీ చూడు, ఆ కాగితం అవసరం పడిందంటే అర్థం ఏంటి? ఆఫీసులు వాటంతట అవి కాచుకోలేకపోయాయనేగా. ఆ సంతకం పెట్టిన మనిషి పోతే?

శేఖర్: ...అదీ నిజమే. కానీ దాని చాటున పని జరిగింది. 1970 ఏప్రిల్లో మొదలెట్టి 1973 జూలైకి పూర్తి చేశారు. తర్వాత 1977లో ఇంకో కట్టడంలో కాంక్రీటు నాసిగా ఉందని, 80 శాతం అయిపోయిన పునాదిని పార్క్ తే-జూన్ అందర్నీ పిలిచి నిలబెట్టి పేల్పించేశాడు.

రమ: అదే 1970లో ఇంకొకటి కూడా జరిగింది. నీ పదకొండు పేజీల్లో ఉందా?

శేఖర్: చోన్ తే-ఇల్.

రమ: ఉందా?

శేఖర్: లేదు.

రమ: సియోల్లో ప్యోంగ్‌హ్వా మార్కెట్. బట్టలు కత్తిరించే కుర్రాడు, 22 ఏళ్లు. పక్కన కుట్టుపని చేసే చిన్న పిల్లల కోసం కార్మిక చట్టం పుస్తకం కొనుక్కుని చదివాడు. చట్టం 1953 నుంచీ ఉంది. కార్మిక శాఖకి అర్జీ పెట్టాడు. తిప్పారు. నవంబరు 13న ఒంటికి నిప్పంటించుకున్నాడు, మేం యంత్రాలం కాదు అని అరుస్తూ. ఎగుమతి అంకెకి నెలనెలా మీటింగు పెట్టగలిగిన ప్రభుత్వమే శేఖర్ అది. ఆ గదుల్లో గాలి ఎలా ఉందో చూడ్డానికి ఒక ఇన్‌స్పెక్టర్ని పంపలేదు. చేతకాక కాదు.

శేఖర్: [కాసేపు మౌనం] ఇందాక నువ్వన్నదే. ఆ ఫైలు మాత్రం పరిశీలనలో ఉంది.

రమ: ఊఁ.

శేఖర్: మంచినీళ్లు తాగుదామా?

[రికార్డింగ్ ఆపి మళ్లీ మొదలుపెట్టాం]

రమ: తైవాన్. ఆరు నిమిషాలు. కానీ.

శేఖర్: 1974 ఫిబ్రవరి, తైపేలో సోయా పాలు అమ్మే చిన్న హోటలు, ఏడుగురు టిఫిన్‌కి కూర్చున్నారు. ఆర్థిక వ్యవహారాల మంత్రి సున్ యున్-షువాన్, అమెరికాలో ఆర్‌సీఏ అనే ఎలక్ట్రానిక్స్ కంపెనీ నుంచి వచ్చిన పాన్ వెన్-యువాన్, ఇంకా కొందరు అధికారులు. ఐసీలు, అంటే చిప్పులు చేద్దాం, నాలుగేళ్లు, కోటి డాలర్లు అన్నాడు పాన్. మంత్రి సరేనన్నాడు. 1976లో ఆర్‌సీఏతో ఒప్పందం, ఇంజనీర్లను నేర్చుకోడానికి పంపారు. చిప్పుల కంపెనీలు 1980లో యూఎంసీ, 1987లో టీఎస్‌ఎంసీ పుట్టాయి. అన్నీ ఐటీఆర్‌ఐ అనే ప్రభుత్వ పరిశోధన సంస్థ నుంచే...

రమ: మినిట్స్ ఎవరు రాశారు?

శేఖర్: ఏంటి?

రమ: ఆ టిఫిన్ మీటింగుకి. కోటి డాలర్లు అంటున్నావు, ఏడుగురు కూర్చున్నారు, ఒక్కడు కూడా రాసుకోలేదా?

శేఖర్: అక్కా, అందుకేనేమో పని అయింది!

రమ: అలా అనకు, రేపు ఆడిట్ వాడొచ్చి అడిగితే... ఉండు, ఎర్ర లైటు ఆరిపోయిందేంటి? ఎప్పట్నుంచి?

శేఖర్: వెలుగుతోంది, నీ కళ్లజోడు...