ఒక హత్య, ఆరు జవాబులు

మిత్రులారా, ఈ నవలలో హంతకులెవరో నేను చెప్పను. ఆ టెన్షన్ మీకు మిగలాలి.

ఆంథొనీ బెర్కెలీ ‘ది పాయిజన్డ్ చాక్లెట్స్ కేస్’ 1929లో వచ్చింది. లండన్‌లో ఒక క్లబ్బుకి సర్ యూస్టస్ పేరు మీద పోస్టులో చాక్లెట్ల పెట్టె వస్తుంది. ఆయన దాన్ని పక్కనున్న బెండిక్స్‌కి ఇచ్చేస్తాడు. బెండిక్స్ ఇంటికి తీసుకెళ్తే, అవి తిన్న భార్య చనిపోతుంది. తనూ తిన్నాడు గానీ బతికి బయటపడతాడు. పోలీసులకు దారి దొరకదు. అప్పుడు బెర్కెలీ నవలల్లో హీరో అయిన రోజర్ షెరింగామ్ పెట్టిన నేరపరిశోధకుల బృందంలో ఆరుగురూ ఎవరికి వారే కేసు తేల్చి, రోజుకొకరు చొప్పున తమ జవాబు వినిపిస్తారు.

తమాషా ఏమిటంటే, ప్రతి జవాబూ వింటున్నంతసేపు నిజమే అనిపిస్తుంది. మర్నాడు అది కూలిపోతుంది. బృందంలో బ్రాడ్లీ అనే డిటెక్టివ్ నవలల రచయిత ఉన్నాడు. హంతకుడికి ఉండాల్సిన లక్షణాలన్నీ జాబితా వేసి, ఒక్కొక్కటే సరిచూసి, చివరికి ఆ హంతకుణ్ణి నేనే అని నిరూపిస్తాడు! డిటెక్టివే నేరం చేయకూడదని రోనాల్డ్ నాక్స్ అనే రచయిత డిటెక్టివ్ కథలకు పెట్టిన తన పది నియమాల్లో రాసింది కూడా 1929లోనే.

మామూలు డిటెక్టివ్ నవలలో సిగరెట్ బూడిద చూడగానే మనిషి ఎవరో తెలిసిపోతుంది. అదే బూడిదకి ఇంకో అర్థం ఉండొచ్చని ఎవరూ అడగరు, ఎందుకంటే రచయిత అడగనివ్వడు. బెర్కెలీ అడగనిచ్చాడు. ఇదే కేసు మీద ఆయన రాసిన చిన్నకథలో షెరింగామ్ చెప్పిందే సరైన జవాబు. నవలలో అదే జవాబుని ఇంకొకరు వచ్చి కొట్టిపారేస్తారు. తన హీరోకి ఇంత అన్యాయం చేసిన రచయితలు తక్కువే.

ఆయనకు నియమాలంటే లెక్కలేదనుకోవద్దు. పాఠకుణ్ణి మోసం చేయబోమని సభ్యులు ప్రమాణం చేసే, డిటెక్టివ్ రచయితల సంఘమైన డిటెక్షన్ క్లబ్‌ను 1930లో మొదలుపెట్టింది ఆయనే.

లోపం కూడా చెప్పాలి. చనిపోయిన ఆవిడ కోసం ఈ నవలలో ఎవరూ పెద్దగా బాధపడరు. ఆరుగురికీ అదొక పొడుపుకథ, అంతే. నాకు అది కాస్త గుచ్చుకుంది.

ఆఖరి జవాబు దగ్గర కూడా కథ ఆగలేదు. 1979లో క్రిస్టియానా బ్రాండ్ అనే రచయిత్రి ఇదే కేసుకి మరో జవాబు రాశారు. మీరు చదివాక ఇంకొకటి తడితే వచ్చే సమావేశంలో వినిపించండి.