చెప్పగలిగీ రాయలేని పిల్లలు

సభకు నమస్కారం. పర్లాకిమిడి తెలుగు తల్లిదండ్రులకూ, ఇక్కడి బడుల్లో పాఠాలు చెప్పే ఉపాధ్యాయులకూ నేను ఈరోజు విన్నవించదలచింది, పాఠం అడిగితే గడగడా అప్పజెప్పి, అదే పాఠం రాయమనగానే బిగుసుకుపోయే పిల్లల గురించి.

అలాంటి పిల్లల నోటుపుస్తకం ఒకటి తీసి నెమ్మదిగా చూడండి. పెన్సిలు ఎంత గట్టిగా నొక్కారంటే వెనక పేజీ మీద కూడా గాట్లు పడి ఉంటాయి. ‘అక్క’ అని రాస్తే ఒత్తు కింది గీత దాటి జారిపోతుంది. మొదటి వరుసలో చక్కగా పడిన గుడిదీర్ఘం నాలుగో వరుసకు మాయమవుతుంది. మనం దాన్ని నిర్లక్ష్యం అంటాం. నిజానికి రాయాలంటే అక్షరం ఆకారం గుర్తుకు రావాలి, వేళ్లు దాన్ని గీయాలి, ఆలోపు చెప్పదలచిన వాక్యం మనసులో నిలవాలి. మొదటి రెండూ మనకు అలవాటుగా జరిగిపోతాయి. డిస్‌గ్రాఫియా, అంటే రాతలో ఎదురయ్యే అభ్యసన ఇబ్బంది, ఉన్న పిల్లలకు ధ్యాసంతా ఆ రెండింటికే సరిపోయి, వాక్యం చేజారిపోతుంది. తెలివితేటలకూ దీనికీ సంబంధం లేదు.

మన ప్రాంతంలో ఇంకో చిక్కుంది. 1936లో ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరినప్పటి నుంచీ ఇక్కడి తెలుగు ఇళ్లలో ఒక భాష, బడిలో మరో లిపి సాగుతూనే ఉన్నాయి. అందుకే పిల్లలు తడబడితే “రెండు లిపులు కలిసి గందరగోళమైంది” అని తేల్చేస్తాం. ఈ మాటను నేను ఒప్పుకోలేను. ఒడియాలో చాలా అక్షరాలకు పైన ఒకే తీరు వంపు ఉండి, తేడా కిందనే కనిపిస్తుంది కాబట్టి కొత్తగా నేర్చేవారు పొరబడడం సహజమే. కానీ ఆ పొరపాట్లు సాధన చేసేకొద్దీ తగ్గుతాయి. డిస్‌గ్రాఫియా అయితే తెలుగులోనూ, ఒడియాలోనూ, ఇంగ్లీషులోనూ ఇబ్బంది కనిపిస్తుంది, కొందరికి చొక్కా గుండీలు పెట్టుకోవడం కూడా కష్టమవుతుంది. మూడు భాషల నోటుపుస్తకాలూ పక్కపక్కన పెట్టి, ఒడియా మాస్టారూ ఇంటివాళ్లూ కలిసి చూస్తే చాలావరకు తేడా తెలుస్తుంది. ఇద్దరూ ఒకచోట కూర్చోవడమే మన దగ్గర అరుదు.

ఇంపోజిషన్లు మాత్రం దయచేసి ఆపండి. అలసిన చేతితో వందసార్లు రాయిస్తే తప్పే చేతికి అలవాటవుతుంది. ముందు నోటితో చెప్పనివ్వండి, పెద్దవాళ్లు రాసిపెట్టండి, అందులో రెండు వాక్యాలు మాత్రం పిల్లల చేత రాయించండి. గళ్ల పుస్తకం, లావుపాటి పెన్సిలు, నల్లబల్ల మీద భుజం కదిలేలా పెద్ద అక్షరాలు మేలు చేస్తాయి. సైన్సు జవాబుకు సైన్సు తెలిసినందుకే మార్కులు వేయండి.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం డిస్‌గ్రాఫియా వంటి అభ్యసన వైకల్యాలను గుర్తించింది, వాటిని త్వరగా కనిపెట్టే బాధ్యత బడులపై పెట్టింది. చేతిరాత సమస్య ఉన్న సివిల్స్ అభ్యర్థి కేసులో, వైకల్యం నలభై శాతానికి చేరలేదన్న కారణంతో, చెప్పింది రాసిపెట్టే లేఖకుణ్ణి నిరాకరించరాదని సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరిలో తీర్పు చెప్పింది. ఆ తర్వాత 2022లో కేంద్రం ఇలాంటివారి కోసం మార్గదర్శకాలు ఇచ్చింది. లేఖకుడి సాయం కోరడానికి కావలసిన ప్రభుత్వ వైద్యుల ధ్రువపత్రానికి సమయం పడుతుంది కనుక, పదో తరగతి హాల్‌టికెట్టు వచ్చేదాకా ఆగకుండా ఎనిమిదో తరగతిలోనే ప్రధానోపాధ్యాయుణ్ణి కలిసి బోర్డు నిబంధనలు అడగండి.