నీళ్లు తీశాక మిగిలిన భయం
(విజయవాడ సింగ్ నగర్‌లో కాలనీవాసుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు, అక్కచెల్లెళ్లకు, పిల్లలకు నమస్కారం.

నేను డాక్టర్ని కాదు. ముప్పై ఏళ్లు గుంటూరులో జువాలజీ పాఠాలు చెప్పి రిటైరయ్యాను. మా అక్క ఇక్కడే, ఈ సింగ్ నగర్‌లోనే గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉంటుంది. 2024 సెప్టెంబర్ 1, ఆదివారం. బుడమేరు వాగు నీళ్లు వీధుల్లోకి వచ్చిన రోజు. అక్క నిద్ర లేచి కాలు కింద పెడితే చీలమండ దాకా నీళ్లు. తర్వాత ఏం జరిగిందో మీకు నేను చెప్పాలా? అందరం డాబాల మీదే కదా ఉన్నాం.

నీళ్లు తీశాయి. బురద కడిగాం, గోడలకు సున్నం వేయించాం. కానీ వాన పడిన ప్రతి రాత్రీ అక్క మంచం దిగేముందు ఒక కాలు మెల్లగా కిందికి దించి, వేళ్లతో నేల తడిమి చూసుకుంటుంది. పొడిగా ఉందని తెలిశాకే రెండో కాలు దించుతుంది. ఒకరోజు నేను అన్నాను, "ఇంకెన్నాళ్లక్కా, మర్చిపో" అని. అక్క ఏమీ మాట్లాడలేదు. నాడీమండలం పాఠం చెప్పినవాణ్ణి, ఆ మాట అనకుండా ఉండాల్సింది. అది ఎందుకు అనకూడదో చెబుదామనే ఇవాళ వచ్చాను.

మన తలలో, చెవులకు కాస్త లోపలగా, రెండు పక్కలా బాదం గింజంత భాగం ఒకటుంది. పేరు అమిగ్డాలా. గ్రీకులో ఆ మాటకు బాదం అనే అర్థం. దాని వెనకే హిప్పోకాంపస్ ఉంటుంది. ఎక్కడ, ఎప్పుడు, ఎవరితో అనే కథనం హిప్పోకాంపస్ పని. ఏది ప్రమాదమో గుర్తుపెట్టుకుని ఒంటిని అప్రమత్తం చేయడం అమిగ్డాలా పని. ఒకే సంఘటనకు రెండు చోట్ల రెండు రకాల గుర్తులు పడతాయన్న మాట.

దీనికి పాత ఉదాహరణ ఒకటుంది. జెనీవాలో క్లాపరేద్ అనే వైద్యుడి దగ్గర ఒక స్త్రీ ఉండేది. కొత్తగా జరిగినదేదీ ఆమెకు గుర్తుండదు. రోజూ చూసే డాక్టర్ని కూడా కొత్తమనిషిలాగే పలకరించేది. ఒకరోజు ఆయన వేళ్ల మధ్య గుండుసూది దాచి కరచాలనం చేశాడు. తర్వాత మళ్లీ చేయి చాపితే ఆమె తన చేయి వెనక్కి తీసుకుంది. సూది గుచ్చిన సంగతి మాత్రం ఆమెకు గుర్తులేదు. ఈ సంగతి ఆయన 1911లో రాశాడు. ఇవాళ ఏ డాక్టరూ రోగితో అలా చేయకూడదు, చేయనివ్వరు కూడా. కానీ మనసుకు గుర్తులేనిది ఒంటికి గుర్తుంటుందని ఆ చేయి చెప్పింది. మా అక్క కాలు కూడా అదే చెబుతోంది.

మరి చేదు అనుభవమే ఎందుకంత గట్టిగా నాటుకుంటుంది? భయం వేసినప్పుడు మూత్రపిండాల మీదున్న గ్రంథులు అడ్రినలిన్ వదులుతాయి. మెదడులో నోర్‌అడ్రినలిన్ పెరుగుతుంది. అది అమిగ్డాలాను ఉసిగొల్పితే, అమిగ్డాలా హిప్పోకాంపస్‌ను హెచ్చరిస్తుంది, దీన్ని వదలొద్దని. తర్వాత కొన్ని గంటలపాటు నాడీకణాల్లో కొత్త ప్రొటీన్లు తయారై, కణానికీ కణానికీ మధ్య అతుకులు బిగుస్తాయి. ఆ నెల మీరు ఏ రోజు ఏ కూర వండారో గుర్తుండదు గానీ, పడవ కోసం ఫ్లైఓవర్ వైపు చూస్తూ కూర్చున్న గంటలు గుర్తుంటాయి. ఇది బలహీనత కాదు. పాము కరిచిన చోటు మర్చిపోయిన జీవి ఎక్కువ కాలం బతకదు.

గట్టిగా నాటుకున్నంత మాత్రాన వివరాలన్నీ సరిగ్గా ఉంటాయని కాదు. 1986లో అమెరికాలో చాలెంజర్ వ్యోమనౌక పేలిన మర్నాడే కొందరు విద్యార్థులతో ఆ వార్త ఎలా విన్నారో రాయించారు. దాదాపు మూడేళ్ల తర్వాత మళ్లీ అడిగితే చాలామంది వేరే కథ చెప్పారు, అదీ పూర్తి నమ్మకంతో. కాబట్టి ఇంట్లో "నీళ్లు ఆరుకి వచ్చాయి, కాదు ఎనిమిదికి" అని వాదన వస్తే, ఎదుటివాళ్లు అబద్ధం చెబుతున్నారని అనుకోకండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. జ్ఞాపకం ఒకసారి బిగుసుకుంటే ఇక రాయేనని చాలాకాలం అనుకున్నారు. 2000లో న్యూయార్క్‌లో కరీం నాదెర్, జోసెఫ్ లెడూ అనే శాస్త్రవేత్తల బృందం ఎలుకలకు ఒక శబ్దం వినిపించి షాక్ ఇచ్చారు. తర్వాత ఆ శబ్దం ఒక్కసారి వినిపించి, వెంటనే ప్రొటీన్ల తయారీని ఆపే మందు అమిగ్డాలాలోకి ఎక్కించారు. ఆ ఎలుకల్లో భయం తగ్గిపోయింది. శబ్దం గుర్తుచేయకుండా మందు ఇస్తే ఏమీ మారలేదు. అంటే గుర్తుకొచ్చిన ప్రతిసారీ కాకపోయినా, కొన్నిసార్లు జ్ఞాపకం తడి మట్టిలా మెత్తబడుతుంది, మళ్లీ ఆరి గట్టిపడుతుంది.

మనుషుల విషయంలో అంత తేలిక కాదు. మనలో భయం తగ్గడమంటే ఎక్కువగా పాత జ్ఞాపకం చెరిగిపోవడం కాదు, దాని పక్కన "ఇప్పుడు ఏమీ కాలేదు" అనే కొత్త జ్ఞాపకం పెరగడం. నుదుటి వెనకున్న మెదడు భాగం అమిగ్డాలాను ఊరుకోబెడుతుంది. చిక్కేమిటంటే, ఆ కొత్త జ్ఞాపకం నేర్చుకున్న చోటుకే అంటిపెట్టుకుని ఉంటుంది. అక్క హైదరాబాద్‌లో కూతురి దగ్గర మూడు నెలలుంది. అక్కడ వానలకు హాయిగా పడుకుంది. ఇక్కడికి వచ్చాక మొదటి వానకే మళ్లీ కాలు దించి చూసింది. హైదరాబాద్‌లో నేర్చుకున్న ధైర్యం సింగ్ నగర్ మంచం దగ్గర అక్కరకు రాలేదు. ఇక్కడి వాన ఇక్కడే, పొడి నేల మీద, మళ్లీ మళ్లీ గడవాలి.

అలాగని పట్టుబట్టి "చెప్పు, ఏం జరిగిందో అంతా చెప్పు" అని తవ్వకండి. విపత్తు జరిగిన వెంటనే ఒక్కసారి కూర్చోబెట్టి అంతా చెప్పించడం వల్ల మేలు లేదని పరిశోధనల్లో తేలింది. వాళ్లంతట వాళ్లు చెబితే వినండి, చెప్పకపోతే పక్కన ఉండండి. నిద్ర పూర్తిగా పోయినా, పిల్లలు బడికి వెళ్లనని నెలల తరబడి మొరాయించినా మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి. జ్వరానికి వెళ్లడానికి సిగ్గుపడం కదా.

మొన్న వాన పడిన రాత్రి నేను అక్క ఇంట్లోనే పడుకున్నాను. లైటు వేయలేదు, ఏమీ అనలేదు. తెల్లారాక టీ ఇస్తూ తనే చెప్పింది: "రాత్రి రెండుసార్లే చూశాను రా తమ్ముడూ."

ఇక మీరు అడగండి, వింటాను.