ఈ బొమ్మలో పిల్లి ఎక్కడుంది?

అందరికీ నమస్కారం. వెనక ఫ్యాన్ కింద కూర్చున్నవాళ్ళు కాస్త ముందుకు వచ్చేయండి, అంత దూరం నుంచి స్క్రీన్ సరిగా కనపడదు, ఇవాళ మన పనంతా దాని మీద ఉన్న బొమ్మతోనే: ఒకరు వేసిన బొమ్మ మీద అభిప్రాయం వాళ్ళకి పనికొచ్చేట్టు ఎలా చెప్పాలో చూద్దాం. బెజవాడ ఉక్కలో ఫ్యాన్ వదిలి రమ్మనడం అన్యాయమే, తెలుసు.

ముందు ఒక ప్రశ్న తీసి పక్కన పెడదాం, ఎలాగూ ఎవరో ఒకరు అడుగుతారు. హాలోవీన్, అదే అమెరికా వైపు దెయ్యాల వేషాలు వేసుకునే పండగ, మనది కాదు కదా, ఆ దెయ్యాల బొమ్మలు మనకెందుకు? వేసే పిల్లలు ఎలాగూ వేస్తున్నారు, 2024లో అయితే దీపావళీ అదీ రెండూ అక్టోబరు 31నే పడేసరికి నా ఫోన్ నిండా కాకరపువ్వొత్తులు పట్టుకున్న బుల్లి దెయ్యాలే. అయినా కడుతున్న మేడలకి దిష్టిబొమ్మ వేలాడదీసే ఊళ్ళో ఉండి మనం ఆ మాట అనొచ్చా? గుడ్లు మిటకరించి, నాలుక బయటపెట్టి, మీసం మెలేసి ఉంటుంది, చూస్తే భయమూ వేస్తుంది, నవ్వూ వస్తుంది. ఐర్లాండ్‌లో మొదట టర్నిప్ దుంపలకి ముఖాలు చెక్కి లోపల దీపం పెట్టేవాళ్ళు, ఆ జనం అమెరికా వెళ్ళాక అక్కడ గుమ్మడికాయ దొరికింది, దానికి మారారు. మనం బూడిద గుమ్మడికాయకి ముఖం వేసి గుమ్మానికి కట్టుకుంటాం. కాబట్టి ఆ ప్రశ్న అయిపోయింది. అది బొమ్మ మీద అభిప్రాయం కాదు కూడా.

ఇక ఈ బొమ్మ. వేసిన అమ్మాయి ఇక్కడే ఉంది, అడిగే పెట్టాను, పేరు మాత్రం చెప్పొద్దంది. రాత్రి, ముదురు ఊదా రంగు ఆకాశం, ముఖం చెక్కిన గుమ్మడికాయ మీద బుల్లి మంత్రగత్తె కూర్చుంది, కోసు టోపీ, ఒక కాలి మేజోడు జారిపోయింది. నాలుగు గబ్బిలాలు. ఒక నల్లపిల్లి. పిల్లి ఎక్కడుందని వెతుకుతున్నారు కదా, వెతకండి, నేనూ వెతికాను.

దీన్ని నా స్నేహితులు నలుగురికి చూపించాను. ఒకడు సూపర్ అన్నాడు, ఒకడు కేక అన్నాడు, ఒకావిడ ముద్దొస్తోంది అంది, నాలుగోవాడు తల గోక్కుని "ఏదో తేడాగా ఉంది గురూ" అన్నాడు. ఈ నలుగురి మాటలూ పట్టుకుని ఆ అమ్మాయి రేపు పొద్దున్న కూర్చుంటే ఏ గీత మారుస్తుంది? ఒక్కటీ మార్చలేదు. నాలుగోవాడికి కొంచెం పని తెలుసు, కానీ ఆ తేడా ఏమిటో వెతికే ఓపిక లేదు.

ఇది నాకు జరిగింది కాబట్టి చెబుతున్నాను. కొత్తలో ఒక పుస్తకాల కంపెనీకి పిల్లల కథలకి బొమ్మలు వేసేవాణ్ణి. అక్కడి పెద్దాయన నా బొమ్మ చూసి "దెయ్యం దెయ్యంలా లేదయ్యా" అని వెనక్కి పడేశాడు. సరే, కోరలు పెంచాను. మళ్ళీ అదే మాట. జుట్టు విరబోశాను, గోళ్ళు పెంచాను, ఐదోసారికి అది చూసి మా ఇంట్లోవాళ్ళే భయపడ్డారు. చివరికి తేలిందేమిటంటే ఆయనకి కోరలూ గోళ్ళూ ఏవీ అక్కర్లేదు, ఆ బొమ్మ పేజీలో అగ్గిపెట్టంత సైజులో నలుపు తెలుపులో పడుతుంది, నేను వేసిన సన్నగీతలన్నీ కలిసిపోయి సిరా ముద్దలా కనపడుతోంది. "అచ్చులో ముద్దయిపోతోంది" అని మొదటి రోజే ఒక్క ముక్క చెబితే నాకు రెండు వారాలు మిగిలేవి.

అందుకే ఈ అమ్మాయిని ముందు ఒకటే అడిగాను, ఎవరి కోసం వేశావమ్మా అని. ఐదారేళ్ళ పిల్లలకి స్టిక్కర్ అండి, చూసి భయపడాలి కానీ ఏడవకూడదు అంది. నాకు భలే నచ్చింది ఆ మాట. ఇక నేను చెప్పేదంతా దానికే తూచాలి, నా ఇష్టాలతో కాదు. నాకు ఊదా రంగు నచ్చదు, అది నా గొడవ.

పిల్లి దగ్గరికి వద్దాం. కళ్ళు చిట్లించి చూడండి, కనురెప్పలు సగం మూసి. టోపీ, ఆకాశం, పిల్లి అన్నీ ఒకటే చీకటి అయిపోయాయా? రంగులు వేరే కానీ ముదురుదనం ఒకటే. ఫోన్లో బొమ్మని నలుపు తెలుపు చేసి చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. భుజం మీద శవం, చేతిలో కత్తి, ఆ విక్రమార్కుడిని మొత్తం నల్లసిరాతో నింపేసినా మీరు గుర్తుపడతారు, ఎందుకంటే ఆకారం అంత విడిగా ఉంటుంది. ఇక్కడ పిల్లికి ఆ ఆకారం దక్కలేదు. నేను తనకి చెప్పింది "మీ పిల్లి నాకు ఆఖర్న కనపడింది, అదీ కళ్ళ వల్ల" అని. ఇది నా కంటికి జరిగింది, దీంట్లో వాదనకి ఏమీ లేదు. తర్వాత నోరు ఆగక, వెనక చందమామ పెట్టరాదా అని కూడా అన్నాను. దాని సంగతి చివర్న చెబుతా.

ముఖం చూడండి. ముద్దుగా లేదు అనేస్తే ఆ అమ్మాయి ఏడుస్తుంది, బొమ్మ మాత్రం అలాగే ఉంటుంది. కొన్రాడ్ లోరెంజ్ అని ఆస్ట్రియా శాస్త్రవేత్త, జంతువుల ప్రవర్తన మీద పనిచేసినాయన, 1943లోనే రాశాడు: ఒంటికి మించిన తల, పెద్ద నుదురు, కిందికి ఉన్న పెద్ద కళ్ళు, బూరెబుగ్గలు, ఇవి కనపడితే మనకి పసిబిడ్డ గుర్తొచ్చి ముద్దొస్తుందని. ఇక్కడ కళ్ళు పెద్దవే, కానీ ముఖం సగానికి పైన ఉన్నాయి, నుదురు టోపీ కింద మాయమైపోయింది. అందుకే బుల్లి ఒంటి మీద పెద్దమ్మ ముఖం పెట్టినట్టుంది. ఇలా చెబితే తను స్కేలు పెట్టి కొలుచుకోగలదు.

తర్వాత వెలుగు. గుమ్మడికాయలో దీపం ఉంది, అంత పసుపుగా వెలుగుతోంది, పైన కూర్చున్న పిల్ల కాళ్ళ మీద ఆ వెలుగు చుక్క కూడా పడలేదు. కరెంటు పోయినప్పుడు గడ్డం కింద టార్చి పెట్టుకుని తమ్ముళ్ళని భయపెట్టలేదూ మీరంతా? కింది నుంచి వచ్చే వెలుగుకి ఆ గుణం ఉంది, ఎంత చక్కటి ముఖాన్నైనా దెయ్యం చేసేస్తుంది. కాబట్టి ఇక్కడ ఎంత వెలుగు ఎక్కడిదాకా అనేది తనే చూసుకోవాలి, గడ్డం దాకా వెళితే పిల్లలు ఏడుస్తారేమో, మోకాళ్ళ దగ్గర ఆగితే భయం మిగులుతుంది, ముద్దూ మిగులుతుంది. ఇంకో చిన్నది, చెక్కిన కంటి అంచుల్లో గుమ్మడి చెక్కు మందం కనపడాలి, ఇప్పుడు కాగితం కత్తిరించి అంటించినట్టుంది.

గబ్బిలాల గురించి ఏమీ చెప్పలేదు, నాకు లోపాలు కనపడ్డాయి, అయినా చెప్పలేదు. పన్నెండు తప్పులు ఒకేసారి చెబితే ఎవరైనా ఫైలే డిలీట్ చేస్తారు. అదే రేపు ప్రింటింగ్‌కి పోతోంది అంటే పిల్లి ఒక్కటే చెప్పి ఊరుకునేవాణ్ణి.

జారిన మేజోడు గురించి మాత్రం కచ్చితంగా చెప్పాను. మెచ్చుకోలు చేదుమాత్రకి పూసే బెల్లం అనుకుంటారు చాలామంది, అందుకే "బాగుంది కానీ" అని మొదలుపెడతారు, వినేవాళ్ళకి "కానీ" ఒక్కటే వినపడుతుంది. ఆ మేజోడు వల్లే ఈ మంత్రగత్తె మన పక్కింటి పిల్లలా ఉంది. అది చెప్పకపోతే రెండోసారి వేసేటప్పుడు నీటుగా ఉండాలని తనే దాన్ని పైకి లాగేస్తుంది, అప్పుడు ఏం పోయిందో ఎవరికీ తెలీదు.

తను మళ్ళీ వేసింది ఇదిగో. కళ్ళు కిందికి దిగాయి, టోపీ వెనక్కి జరిగింది. చందమామ ఎక్కడా లేదు చూశారా, నా సలహా చెత్తబుట్టలో పడేసింది. పిల్లిని గుమ్మడికాయ పక్కకి తెచ్చి ఆ దీపం వెలుగు దాని వీపు మీద సన్నటి గీతలా పడేట్టు వేసింది, పిల్లీ కనపడింది, దీపమూ వెలిగింది, రెండు పనులు ఒక్క గీతతో. నాకు తట్టలేదు ఇది.

సరే, తర్వాతి బొమ్మ పెట్టు తమ్ముడూ. ఇదెవరిది? చెయ్యెత్తండి. భయపడకండి, ముందు మీరే చెప్పండి, దీన్ని ఎవరి కోసం వేశారు?