తీర్పుల్లో, దస్తావేజుల్లో తెల్లతనం

గౌరవనీయులైన అధ్యాపకులకు, విద్యార్థులకు నమస్కారం.

జాతి వివక్షను పరిశీలించేటప్పుడు సాంఘిక శాస్త్రాలు చాలాకాలం నష్టపోయినవారినే ప్రశ్నించాయి. నల్లవారి పేదరికాన్ని, కుటుంబాలను, నేరాలను లెక్కగట్టాయి గానీ, ఆ ఏర్పాటువల్ల లాభపడినవారిని ఏ పరిశోధనా అక్కరలేని మామూలు మనుషులుగా వదిలేశాయి. ఈ చూపును మళ్లించినవారిలో అమెరికా నల్లజాతి సామాజిక శాస్త్రవేత్త డబ్ల్యు.ఇ.బి. డుబోయిస్ ముఖ్యులు. తెల్లజాతి కూలీకి డబ్బు తక్కువే ముట్టినా, నలుగురిలో మర్యాద, మెరుగైన బడులు, తనవారే అయిన పోలీసులు అనే మరో వేతనం కూడా దక్కిందని 1935లో ఆయన వివరించారు. తెల్లతనం ఎలా ఏర్పడింది, ఏ లాభాలిచ్చింది అని పరిశీలిస్తూ 1990లలో ప్రత్యేక రంగంగా విస్తరించిన అధ్యయనానికి ఇది గట్టి పునాది.

ఇంతకీ తెల్లవారు ఎవరు? పరాయి దేశస్థుల్లో స్వేచ్ఛగల తెల్లవారికే పౌరసత్వమని అమెరికా 1790లోనే చట్టం చేసింది. ఇరవై ఏళ్లకు పైగా అక్కడే ఉంటున్న జపాన్ వాసి తకావో ఒజావా దరఖాస్తును 1922 నవంబరులో సుప్రీంకోర్టు తిరస్కరిస్తూ, తెల్లవారంటే కాకేసియన్ (ఐరోపావారితోపాటు ఉత్తర భారతీయులనూ కలిపి నాటి శాస్త్రవేత్తలు వాడిన పేరు) జాతివారని చెప్పింది. మూడు నెలలు దాటగానే, అమెరికా సైన్యంలో పనిచేసిన పంజాబీ భగత్ సింగ్ థిండ్ తాను కాకేసియన్నని శాస్త్రగ్రంథాల ఆధారంగా వాదిస్తే, ఒజావా తీర్పు రాసిన న్యాయమూర్తి జార్జ్ సదర్లాండే శాస్త్రాన్ని పక్కనపెట్టి, సామాన్యుడు ఎవరిని తెల్లవాడనుకుంటాడో అదే కొలమానమన్నారు. ఆ తీర్పుతో, అప్పటికే పౌరసత్వం పొందిన భారతీయుల్లో పలువురు కూడా దాన్ని పోగొట్టుకున్నారు. పౌరసత్వానికి అనర్హులైనవారు భూమి కొనరాదన్న కాలిఫోర్నియా చట్టం వారి పొలాలకూ ఎసరు పెట్టింది. ఆ దశకంలో అమెరికాలో పరిశోధన సాగించిన మన యల్లాప్రగడ సుబ్బారావుకు 1946 దాకా పౌరసత్వపు దారి మూసి ఉండటానికి కారణం ఇదే.

థిండ్ పక్షం వాదనను మనం మరింత శ్రద్ధగా చదవాలి. నీగ్రోలతో వివాహాన్ని అమెరికన్లు ఎలా చూస్తారో, అగ్రకులపు హిందువు భారతదేశంలోని ఆదివాసులతో వివాహాన్ని అలాగే చూస్తాడని అందులో ఉంది. అంటే తెల్లతనపు గడప దాటడానికి కులాన్నే అర్హతపత్రంగా చూపారు. నన్ను ఇది తీర్పుకన్నా ఎక్కువగా బాధిస్తుంది.

ఆధిక్యత వ్యక్తుల మనసుల్లోనే ఉంటుందనుకుంటే పరిశోధన ఆత్మవిమర్శ దగ్గరే ఆగిపోతుంది. 1930లలో ఫెడరల్ ప్రభుత్వ సంస్థలు నల్లవారి పేటలను పటాల మీద ఎర్రరంగుతో గుర్తించి, అక్కడి ఇళ్లను రుణాలకు పనికిరానివిగా లెక్కించాయి. తెల్ల కుటుంబాలు ప్రభుత్వ హామీ రుణాలతో కొన్న ఇళ్లు విలువ పెరిగి పిల్లలకు ఆస్తిగా దిగాయి. 1968లో గృహవివక్షను నిషేధించినా, అప్పటికే చేతులు మారిన ఆ వారసత్వం వెనక్కి రాలేదు. అందుకే రిజిస్ట్రేషన్ కాగితాలు, రుణ దరఖాస్తులు, వీలునామాలు చదవమని నా విద్యార్థులను పదేపదే కోరుతుంటాను.

పౌరహక్కుల ఉద్యమం మార్చిన రాజకీయ వాతావరణంలో వచ్చిన 1965 వలసచట్టంతోనే మన డాక్టర్లకు, ఇంజనీర్లకు అమెరికా తలుపులు పెద్దఎత్తున తెరుచుకున్నాయి. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఏ పేటల్లో ఇళ్లు కొన్నాయి, పిల్లలను ఏ బడుల్లో చేర్చాయి, నల్లవారైన ఇరుగుపొరుగుతో ఎలా మెలిగాయి అన్న ప్రశ్నలను మీలో కొందరైనా పరిశోధనగా చేపట్టాలని అడుగుతున్నాను.